స్వాగతం, కూర్మారావు గారూ!

తుమ్మగెడ్డ హైస్కూల్లో ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు పెట్టారు గాని, ఆ తలుపుకి గొళ్లెం పెట్టలేదు. బయటా లేదు, లోపలా లేదు. గొళ్లెం పాతకాలపు వస్తువనీ, దానికి బుద్ధి లేదనీ, తలుపు ఎవరు వేశారో, ఎందుకు వేశారో అది ఎవరికీ చెప్పదనీ జిల్లా కేంద్రం నుంచి వచ్చిన పెద్దలు సెలవిచ్చారు. గొళ్లెం ఉండాల్సిన చోట అరచేతి వెడల్పు తెర ఒకటి బిగించారు. ఆ తెర వెనక పనిచేసే దాని పేరు ‘నిర్మలనేత్ర’.

మరుగుదొడ్డికి నేత్రం ఎందుకని ఎవరూ అడగలేదు. ఉచితంగా వచ్చిన వస్తువు గురించి ప్రశ్నలడిగే అలవాటు ఆ ఊళ్లో లేదు.

పదో తరగతి చదివే హైమావతికి ఆ గది మీద కొండంత ఆశ. ఆ గది లేని రోజుల్లో ఆడపిల్లలు బడి వెనక జీడితోటలోకి వెళ్లేవాళ్లు. ఎప్పుడూ ఇద్దరిద్దరే. ఒకరు పొద చాటుకి వెళితే రెండో పిల్ల ఇటు తిరిగి నిలబడి పైకి ఎక్కం చదవాలి. ఎక్కం వినపడుతున్నంతసేపూ భయం లేదు. ఎక్కం ఆగిందా, ఎవరో వస్తున్నారన్నమాట. అలా ఒకరికొకరు కాపలా కాసీ కాసీ తుమ్మగెడ్డ ఆడపిల్లలు లెక్కల్లో మండలానికే గట్టివాళ్లు అయ్యారు. లెక్కల మాస్టారు అదంతా తన బోధన చలవే అనుకునేవారు.

హైమ పదిమందిలో నోరు విప్పే పిల్ల కాదు. హాజరు పిలిచినా గొంతు పెగలక చెయ్యెత్తి ఊరుకునేది. కాని కాపలాకి మాత్రం అందరూ ఆమెనే పిలిచేవారు. ఎక్కం అంటే సొంత మాట కాదు కదా. ఎవరో ఎప్పుడో చేసి పెట్టిన మాటలు. వాటిని అప్పజెప్పడానికి సిగ్గు అడ్డం రాదు. పంతొమ్మిదో ఎక్కం దాకా గుక్క తిప్పుకోకుండా చదివేది.

పోయిన ఏడాది తోట చేతులు మారింది. కొత్త ఆసామి చుట్టూ ముళ్లకంచె వేయించాడు. అప్పటి నుంచి హైమ పొద్దున్న ఇంటి దగ్గర నీళ్లు తాగడం మానేసింది. బడిలో అసలే తాగదు. సాయంత్రానికి తల పగిలిపోయేది, కడుపులో మంట. నెలలో కొన్ని రోజులు బడికే వచ్చేది కాదు. “పదో తరగతి గుంటవి, నెలకి నాలుగు రోజులు ఇంటికాడుంటే పరీచ్చలేటి రాస్తావే?” అని వాళ్లమ్మ తిట్టేది. తిట్టి, తనే మళ్లీ “వద్దులే, ఎల్లకు” అనేది.

అందుకే గది కట్టి, గచ్చుకి తెల్లటి పలకలు పరిచి, కుళాయి పెట్టినప్పుడు అందరికన్నా ముందు వెళ్లి ఆ కుళాయి తిప్పి చూసిన పిల్ల హైమే. నీళ్లొచ్చాయి. ఆ రోజు ఇంటికి వెళ్లాక చెంబుడు నీళ్లు తాగింది, రేపటి నుంచి బడిలోనూ తాగవచ్చునని.

మర్నాడు ప్రాంతీయ అనుసంధానాధికారి ఉదయభాస్కర్ గారు నిర్మలనేత్రను స్థాపించడానికి వేంచేశారు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, మెడలో బిళ్ల.

“ఇది మరుగుదొడ్డి కాదు,” అన్నారాయన మైకులో. “ఇదొక సమాచార సేకరణ కేంద్రం. విద్యార్థిని ఎప్పుడు వెళ్లింది, ఏ ప్రయోజనార్థం వెళ్లింది, ఎంతసేపు ఉన్నది, తృప్తి చెందినదా లేదా? ఈ అమూల్య సమాచారమంతా ఇన్నాళ్లూ కాలువ పాలైపోయింది. నేటి నుంచి ఒక్క చుక్క కూడా లెక్క తప్పదని ఈ వేదిక మీద నుంచి హామీ ఇస్తున్నాను.”

హెడ్మాస్టరు కూర్మారావు గారు ముందుగా చప్పట్లు కొట్టారు. ఆయన మంచివాడు. పిల్లల మీద చెయ్యి చేసుకోడు. పైనుంచి వచ్చిన ఉత్తర్వు కనబడితే మాత్రం నిలబడి చదువుతాడు.

బడి ఊడ్చే ఎర్నమ్మ చీపురు చంకలో పెట్టుకుని ముందుకొచ్చింది. “ఇదేటి సిత్రం బాబూ! దొడ్డికెళ్లినా లెక్క సెప్పాలేటి?”

“లెక్క కాదమ్మా. వినియోగదారు అనుభవం.”

“మా అనుబవం మాకాడుంటే సాలదేటి?” అంది ఎర్నమ్మ. ఆ ప్రశ్నకి జవాబు కార్యక్రమ సూచికలో లేదు గనక ఉదయభాస్కర్ గారు తెర వెలిగించారు.

తెర వెలగగానే ఈమెయిల్ అడిగింది. పాపం, నీకేం కావాలని గాని, తొందరా అని గాని అడగలేదు. ముందు ఈమెయిల్. ఆ తర్వాత, “మీరు ఎక్కడి నుంచి వస్తున్నారో, ఇక్కడి నుంచి ఎక్కడికి వెళతారో తెలుసుకోవచ్చునా?” అంది. దాని కింద రెండు మీటలు. ఒకదాని మీద ‘ఔను’ అనీ, రెండోదాని మీద ‘కాసేపాగి ఔను’ అనీ ఉంది. ఆ పైన షరతులు. వాటిని వేలితో పైకి తోస్తూ పోతే తరగని చాంతాడులా వస్తూనే ఉన్నాయి.

“సాయంత్రంలోగా ప్రతి విద్యార్థినీ తన సొంత ఈమెయిలుతో నమోదు కావాలి,” అని ఉత్తర్వు ఇచ్చి, ఉదయభాస్కర్ గారు ఇంకో ఊరి మరుగుదొడ్డిని ఉద్ధరించడానికి వెళ్లిపోయారు.

ఆడపిల్లల్లో ఒక్కరికీ ఈమెయిల్ లేదు. సగం మంది ఇళ్లలో ఉన్నవి మీటల ఫోన్లు. ఆఫీసు గుమాస్తా సింహాద్రి మాత్రం ఏమీ కంగారు పడలేదు. తుమ్మగెడ్డలో ఈమెయిల్ ఊరుమ్మడి వస్తువు. పింఛను దరఖాస్తయినా, గ్యాసు దరఖాస్తయినా, ఎవరి కాగితం మీదైనా నెట్ సెంటర్ కుర్రాడి ఈమెయిలే ఉంటుంది. దానివల్ల ఎవరికీ ఏ నష్టమూ కలగలేదు, ఎందుకంటే దాన్ని తెరిచి చూసినవాళ్లు లేరు. సింహాద్రి ఆ సంప్రదాయమే పాటించాడు. కాకపోతే ఇది బడి వ్యవహారం గనక, గౌరవంగా ఉంటుందని, పిల్లలందరికీ హెడ్మాస్టరు గారి ఈమెయిల్ కొట్టాడు.

మధ్యాహ్నం అన్నాల బెల్లు కొట్టేలోగా నమోదు నూటికి నూరు శాతం. జిల్లాలో మొదటి స్థానం. అభినందనలు ఫోన్లో వచ్చాయి. కూర్మారావు గారు వాటిని కూడా నిలబడే విన్నారు.

నిర్మలనేత్రకి తెలిసిన లోకం చాలా చిన్నది. ఒక ఈమెయిలుకి ఒక మనిషి. అంతే.

హైమ మొదటిసారి ఆ గది ముందుకి వెళ్లి, హెడ్మాస్టరు గారి ఈమెయిల్ కొట్టగానే తెర మీద ముద్దుగా పువ్వు విచ్చుకుంది. గొంతు తీయగా పలికింది.

“స్వాగతం, కూర్మారావు గారూ! మీరు ఏ పని మీద వచ్చారు? ఒకటి అయితే ఒకటి నొక్కండి. రెండు అయితే రెండు నొక్కండి. నెలసరి అయితే మూడు నొక్కండి.”

హైమ గతుక్కుమని వెనక్కి చూసింది. ఎవరూ లేరు. ఒకటి నొక్కింది.

“అంచనా సమయం?”

నొక్కింది.

“మీ ఈమెయిలుకి ఓటీపీ పంపించాము. గడువులోగా నమోదు చేయండి.”

ఓటీపీ వెళ్లింది హెడ్మాస్టరు గారి ఫోనుకి. ఆయన అప్పుడు తొమ్మిదో తరగతి మగపిల్లలకి పాఠం చెబుతున్నారు. హైమ గుమ్మం దగ్గర నిలబడి చెయ్యెత్తింది.

“ఏటమ్మా?”

హైమ నేల చూసింది.

“ఓహో, ఓటీపీయా!” అన్నారాయన గొంతెత్తి. కళ్లజోడు పైకి తోసి, ఫోను దూరం పెట్టి, అంకెలు ఒక్కొక్కటే బల్లగుద్దినట్టు చదివారు. క్లాసు క్లాసంతా ఆ అంకెలు వల్లె వేసింది. వెనక బెంచీ నుంచి ఎవడో, “ఒకటా రెండా సార్?” అన్నాడు. హైమ పరుగెత్తింది. తెర దగ్గరికి వచ్చేసరికి, “క్షమించండి కూర్మారావు గారూ, గడువు ముగిసింది. మళ్లీ ప్రయత్నించండి,” అంది గొంతు.

హైమ మళ్లీ ప్రయత్నించలేదు. ఆ రోజు సాయంత్రం దాకా అలాగే కూర్చుంది.

ఆమె నేస్తురాలు సంతోషి మొండిది. పరుగు పందెంలో ఎప్పుడూ మొదట వచ్చే పిల్ల. రెండోసారికి లోపలికి వెళ్లనే వెళ్లింది. వెళ్లడం ఒక ఎత్తు, బయటికి రావడం ఇంకో ఎత్తు. లోపలి వైపు కూడా ఓ తెర ఉంది. “మా సేవకి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు? సూచనలేమైనా ఉన్నాయా?” అని అడిగి, ఆ రెండూ చెప్పేదాకా తలుపు తెరవదు. సంతోషి కోపంతో ఒక్క నక్షత్రం ఇచ్చింది. “మీ అసంతృప్తికి చింతిస్తున్నాము. కారణం వివరించండి,” అంటూ, అయిదూ ఇచ్చేదాకా అది మరో పావుగంట కూర్చోబెట్టింది. బయటికొచ్చి సంతోషి అంది, “ఒలే హైమా, లోపలికెల్తే అయిదు సుక్కలూ ఇచ్చీయే. ప్రాణం దక్కుతాది.”

ఆ విధంగా తుమ్మగెడ్డ నుంచి వెళ్లే మార్కులన్నీ అయిదుకి అయిదు. జిల్లా ఆఫీసులో ఉదయభాస్కర్ గారు ఆ అంకెలు చూసి మురిసిపోయారు.

కూర్మారావు గారి బతుకు ఓటీపీలకి అంకితమైపోయింది. సెలవు పెట్టడానికి లేదు, ఫోను ఆపడానికి లేదు. అనకాపల్లిలో మేనకోడలి పెళ్లికి వెళ్లారు. సరిగ్గా తాళి కట్టే వేళకి ఫోను గుర్రుమంది. బాజాల హోరులో ఆయన పందిరి స్తంభం పట్టుకుని, బడిలో ఉన్న సింహాద్రికి ఫోన్లో వినపడేలా అంకెలు కేకలు పెడుతుంటే, పురోహితుడు అవి ముహూర్తం తాలూకు లెక్కలేమోనని మంత్రం ఆపేశాడు.

ఇంతలో ఆయన ఈమెయిలుకి ఉత్తరాలు రావడం మొదలైంది. నిర్మలనేత్ర సేకరించిన అమూల్య సమాచారం దాని నేస్తాలకి కూడా అందుతుందని షరతుల్లో ఎక్కడో ఉందట. మొదట విరేచనం సాఫీగా కావడానికి చూర్ణాలన్నారు. తర్వాత మధుమేహం వైద్యశాల వాళ్లు. ఆ తర్వాత ఒక రోజు ఫోను భార్య చేతిలో ఉండగా వచ్చింది: “కూర్మారావు గారూ, మీ నెలసరి దగ్గరపడుతోంది. సిద్ధంగా ఉన్నారా?”

ఆవిడ ఫోను చేత్తో పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. “ఏవండీ, ముప్పై ఏళ్ల కాపురం. ఇలాటిదేదైనా ఉంటే ముందు నాకు చెప్పకూడదుటండీ?”

మర్నాడు ఆయన జిల్లా ఆఫీసుకి విన్నపం రాసుకున్నారు. ఈమెయిల్ తనదే గాని వెళ్లేది తాను కాదని, పిల్లలని, పిల్లల పేరన మార్చమని. జవాబు వెంటనే వచ్చింది. పద్దెనిమిదేళ్లు నిండనివారు నిర్మలనేత్ర షరతుల ప్రకారం ఈమెయిల్ నమోదుకి అనర్హులు. ఇది హైస్కూలండీ, పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు ఉండరండీ అని ఆయన ఫోన్లో మొత్తుకుంటే, అటువైపు గొంతు కాసేపు ఆలోచించి, “అయితే నిండినవారిని చేర్చుకోండి,” అంది.

ఆ తర్వాత విషయం ఆఫీసు చేతిలోకి పూర్తిగా వెళ్లిపోయింది. ఒక పొద్దున్న ఉత్తర్వు దిగింది. కూర్మారావు గారు దాన్ని నిలబడే చదివారు గాని, చదువుతూ చదువుతూ కుర్చీలో కూలబడ్డారు.

“సదరు పాఠశాలయందు యాభైయేడేళ్ల పురుష వినియోగదారు ఒకరు దినమంతయు బాలికల మరుగుదొడ్డిని అసాధారణ సంఖ్యలో వినియోగించుచున్నట్లు డేటా విశ్లేషణలో వెల్లడైనది. ఇది తీవ్ర అనారోగ్య సూచిక. తక్షణమే వైద్య బృందాన్ని పంపడమైనది.”

వ్యాన్ వచ్చింది. డాక్టరు, నర్సు దిగారు. బడి వరండాలో గుడ్డ కట్టి, హెడ్మాస్టరు గారికి రక్తం తీశారు, పొట్ట నొక్కారు, పరీక్షకి సీసా ఇచ్చారు. మరుగుదొడ్డిలోకి వెళ్లి నింపి తెమ్మంటే, ఆయన ఓటీపీ కోసం తన ఫోను తానే చూసుకుని తన పేరన తాను వెళ్లారు. నిర్మలనేత్ర చరిత్రలో నిజమైన కూర్మారావు గారు లోపలికి వెళ్లడం అదే మొదలు. బయట వరసలో నిలబడ్డ ఆడపిల్లలు చప్పట్లు కొట్టారు.

“ఈయనకేం లేదు, రాయిలా ఉన్నాడు,” అని డాక్టరు రాసిచ్చాడు.

ఉదయభాస్కర్ గారికి అది నచ్చలేదు. “డాక్టరు గారు మనిషిని చూశారు. మేం డేటాని చూశాం. మనిషి పొరబడవచ్చును, డేటా పొరబడదు,” అని, కూర్మారావు గారి ఆరోగ్య రక్షణార్థం రోజుకి ఆరుసార్లకి మించి తలుపు తెరుచుకోకుండా కట్టడి పెట్టించారు.

అంటే బడి మొత్తం మీద రోజుకి ఆరుగురు ఆడపిల్లలు. ఎర్నమ్మ పొద్దున్నే చింతపిక్కలు వేసి వంతులు తేల్చేది. నల్లపిక్క పడ్డవాళ్లు వెళ్లవచ్చు, అరగదీసిన తెల్లపిక్క పడ్డవాళ్లు ఊరుకోవాలి. హైమకి నల్లపిక్క పడినా పక్కన ఏడుపు మొహం పెట్టిన ఆరో తరగతి పిల్ల చేతిలో పెట్టేసేది. ఆమె నీళ్లు మానేసి చాలాకాలమైంది. ఒక మధ్యాహ్నం క్లాసులో కళ్లు తిరిగి బల్ల మీదకి ఒరిగిపోయింది. వాళ్లమ్మ వచ్చి భుజం పట్టుకుని తీసుకెళుతూ హెడ్మాస్టరు గారి గుమ్మం దగ్గర ఆగింది.

“బాబూ, సోమారం నుంచి మా గుంటని పంపను. పరీచ్చలప్పుడు వచ్చి రాస్తాదో, రాయదో దానిష్టం. సదువు కోసం సంపుకోలేను కదేటి.”

కూర్మారావు గారి బల్ల మీద ఆ రోజే వచ్చిన ఇంకో ఉత్తర్వు ఉంది.

“సదరు మరుగుదొడ్డికి బాలికల వినియోగం శూన్యమని డేటా రుజువు చేసినది. కావున బాలికలకు దీని అవసరం లేదని నిర్ధారించి, ఏకైక వినియోగదారు అయిన శ్రీ కూర్మారావు గారి ప్రత్యేక ఉపయోగార్థం దీనిని కేటాయించడమైనది. నక్షత్రాలన్నియు పూర్తిగా ఇచ్చిన వినియోగదారు రాష్ట్రంలో వీరొక్కరే అయినందున, వీరిని ‘ఉత్తమ వినియోగదారు’ బిరుదుతో శనివారం సత్కరించవలెను.”

శనివారం షామియానా వేశారు. మరుగుదొడ్డి గుమ్మం మీద ‘బాలికలు’ అన్న మాటని సున్నంతో కొట్టేసి, కొత్త పలకకి గుడ్డ కప్పి ఉంచారు. గుమ్మానికి అడ్డంగా ఎర్ర రిబ్బను. కత్తెర పళ్లెం పట్టుకుని పక్కన నిలబడే పని హైమకి ఇచ్చారు. బడిలో ఏ సభ జరిగినా పళ్లెం పని ఆమెదే, ఎందుకంటే పళ్లెం పట్టుకున్నవాళ్లు మాట్లాడనక్కర్లేదు. అదే తన ఆఖరి రోజని ఆమెకి తెలుసు. పళ్లెం మీద చూపు పెట్టి నిలబడింది. ప్రార్థన పాడిన సంతోషి, మైకు ఇంకా చేతిలోనే పట్టుకుని, ఆమె పక్కన నిలబడింది.

ఉదయభాస్కర్ గారు వచ్చారు. అవే తెల్లబట్టలు. ఎండ మండిపోతోంది. దిగగానే కొబ్బరిబొండం ఇచ్చారు. తాగారు. ఇంకొకటి కొట్టించారు. అదీ తాగారు. సర్పంచి గారు బలవంతం చేస్తే మూడోది. ఆ పైన ఆయన డేటా గురించి, పారదర్శకత గురించి, ఏ పౌరుడూ దాచుకోవలసింది ఏమీ ఉండకూడదన్న సిద్ధాంతం గురించి చాలాసేపు మాట్లాడారు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి మారారు. తర్వాత ఆ మార్పిడి జోరందుకుంది. ప్రసంగం వాక్యం మధ్యలో తెగిపోయింది.

ఆయన మైకు సంతోషి చేతికే తిరిగి ఇచ్చి, రిబ్బను కత్తిరించకుండానే దాని కిందినుంచి దూరి, తెర ముందు నిలబడ్డారు.

“స్వాగతం! ముందుగా మీ ఈమెయిల్ ఇవ్వండి.”

ఆయన వేలు గాలిలోనే ఆగిపోయింది. “నా ఈమెయిలా?” అన్నారు. “ఇందులోనా? ఇది ఎవరెవరి చేతుల్లోకి వెళుతుందో నాకు తెలీదా ఏమిటి? మా ఇంట్లో పిల్లలకి కూడా ఎక్కడా ఇవ్వొద్దని చెప్పి పెంచాను!”

షామియానా కింద జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

“కూర్మారావు గారి పేరున వెళ్లండి సార్,” అన్నాడు సింహాద్రి చనువుగా. “అందరూ అలాగే ఎల్తన్నారు.”

ఆయన ఆ ఈమెయిలే కొట్టారు. “క్షమించండి కూర్మారావు గారూ, నేటి పరిమితి ముగిసింది. మీ ఆరోగ్యం మాకు ముఖ్యం.” పొద్దున్నే నల్లపిక్కలవాళ్లు ఆరుగురూ వెళ్లి వచ్చేశారు.

ఆయన వెనక్కి జీడితోట వైపు చూశారు. ముళ్లకంచె. కిందికి తన తెల్లప్యాంటు వైపు చూసుకున్నారు. “బద్దలు కొట్టండి!” అని అరిచారు.

కూర్మారావు గారు మెడలో పూలదండతో లేచి నిలబడ్డారు. “చిత్తం. కాని ఇది ప్రభుత్వ ఆస్తి గనక, లిఖితపూర్వక ఉత్తర్వు ఉంటే...”

“ఉత్తర్వు లేదు, ఏమీ లేదు! నేను చెబుతున్నాను కదయ్యా! కొట్టండి!”

ఎర్నమ్మ గునపం తెచ్చింది. అది ఎప్పటి నుంచో గోడ వారనే ఉంది. ఒక్క పోటు పొడిచింది. తెర పగిలి, “స్వాగ...” అని ఆగిపోయింది. ఉదయభాస్కర్ గారు లోపలికి దూకారు. వెనకాలే తలుపు వేసుకున్నారు. తలుపు నెమ్మదిగా కిర్రుమంటూ మళ్లీ తెరుచుకుంది. మళ్లీ వేశారు. మళ్లీ తెరుచుకుంది. ఎదురుగా షామియానా, మూడు వందల మంది జనం.

“గొళ్లెం ఏదీ?” అని లోపలి నుంచి కేక వినిపించింది.

“గొళ్లేనికి బుద్ది లేదని మీరే సెప్పినారు కదా బాబూ,” అంది ఎర్నమ్మ. గునపం అడ్డం పెట్టి తలుపు ఆనించి పట్టుకుంది. “ఒలే హైమా, నువ్వు ఇటు తిరిగి కాపలా కాయే. మన తోటలో లాగ. బాబూ, ఆ గుంట ఎక్కం సదువుతాది. ఎక్కం ఆగిందంటే ఎవులో వస్తన్నట్టు లెక్క.”

హైమ పళ్లెం కింద పెట్టింది. జనం వైపు తిరిగి, వాళ్ల తలల మీదుగా ఎక్కడో చూస్తూ మొదలుపెట్టింది. “పదమూడు ఒకట్లు పదమూడు. పదమూడు రెళ్లు ఇరవై ఆరు. పదమూడు మూళ్లు ముప్పై తొమ్మిది.” సంతోషి చప్పుడు చేయకుండా మైకు ఆమె మూతి దగ్గర పెట్టింది. “పదమూడు నాలుగులు యాభై రెండు.”

ఆగిపోయింది.

“ఏమైందమ్మా?” లోపల గొంతు బెంబేలెత్తింది. “ఎవరొస్తున్నారు?”

ఎవరూ రావడం లేదు. హైమ కళ్లు మూసుకుంది. సోమవారం గురించి ఆలోచించింది. ఆమెకి సొంత మాట ఒక్కటీ గొంతు దాటి రాలేదు. కాని ఇంకెవరో చేసి పెట్టిన మాటలు, ఇన్ని నెలలుగా విని విని ఎక్కంలా నోటికి వచ్చిన మాటలు కొన్ని ఉన్నాయి. అవి వచ్చాయి, అదే తీయటి గొంతుతో, లౌడ్ స్పీకర్లోంచి ఊరంతా వినబడేలా.

“స్వాగతం, ఉదయభాస్కర్ గారూ! మీరు ఏ పని మీద వచ్చారు? ఒకటి అయితే ఒకటి చెప్పండి. రెండు అయితే రెండు చెప్పండి.”

ఎర్నమ్మ గునపం కొంచెం పక్కకి జరిపింది. తలుపు కిర్రుమంది.

“ఒకటి! ఒకటమ్మా!”

“అంచనా సమయం?”

“అయిపోతోంది తల్లీ, అయిపోతోంది!”

“మా సేవకి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?”

“అయిదు! అయిదూ ఇస్తాను!”

“సూచనలేమైనా ఉన్నాయా?”

గునపం ఇంకొంచెం జరిగింది.

“గొళ్లెం పెట్టించండయ్యా ముందు!” అన్నారు ఉదయభాస్కర్ గారు, పాలనా భాష, గ్రాంథికం అన్నీ మర్చిపోయి. “ఆడపిల్లలు వెళ్లే చోటు, గొళ్లెం లేకుండా ఏమిటిది!”

“ధన్యవాదాలు. మీ సూచన నమోదయింది,” అంది హైమ. “పదమూడు ఐదులు అరవై ఐదు. పదమూడు ఆర్లు డెబ్బై ఎనిమిది.”

నవ్వు షామియానాలో వెనక వరసనుంచి మొదలై ముందు వరసకి వచ్చింది. కూర్మారావు గారు మాత్రం నవ్వలేదు. ఆయన నిలబడి ఉన్నారు. పై అధికారి, మైకులో, ఊరి ఎదట ఇచ్చిన ఉత్తర్వు అది. దాన్ని ఆయన ఎలా కాదంటారు? “సింహాద్రీ, విన్నావు కదా. బేగి వెళ్లు,” అన్నారు. ఉదయభాస్కర్ గారి జీపు ఊరి పొలిమేర దాటక ముందే సింహాద్రి వడ్రంగిని వెంటబెట్టుకొచ్చి, తలుపుకి లోపలి వైపు ఇనప గొళ్లెం బిగించేశాడు. కొత్త పలక మీద కప్పిన గుడ్డ ఎవరూ తీయలేదు. కింద ఉన్న సున్నాన్ని ఎర్నమ్మ తడిగుడ్డతో తుడిస్తే ‘బాలికలు’ అన్న మాట మళ్లీ బయటపడింది.

నిర్మలనేత్ర పథకం అక్కడితో ఆగిందని చెప్పడానికి లేదు. కొద్ది రోజుల్లోనే ‘మానవచోదిత అంతర్గత భద్రతా పరికరం’ అనే కొత్త ఆవిష్కరణ గురించి జిల్లా ఆఫీసు నుంచి పత్రం వెలువడింది. విద్యుత్తు అక్కర్లేదట, నెట్ అక్కర్లేదట, ఎడమ నుంచి కుడికి జరిపితే చాలట. దాన్ని రూపొందించినందుకు ఉదయభాస్కర్ గారికి శాలువా కప్పారు. దాని వాడకం మీద హెడ్మాస్టర్లకి రెండు రోజుల శిక్షణ కూడా పెట్టారు. కూర్మారావు గారు వెళ్లి, శ్రద్ధగా రాసుకుని వచ్చారు.

ఆయన ఫోనుకి ఉత్తరాలు మాత్రం ఆగలేదు. నిర్మలనేత్ర నుంచి ఆయన పేరు తొలగించాలంటే ఆ పగిలిన తెర మీదే ఓటీపీ కొట్టాలట. “కూర్మారావు గారూ, మీరు రావడం మానేశారు. మీరు లేక మాకు వెలితిగా ఉంది. మా వల్ల ఏమైనా పొరపాటు జరిగిందా?” అని వారం వారం అడుగుతూనే ఉంది. ఆయన భార్య అది చదివి, “పాపమండీ, ఒకసారి వెళ్లి రాకూడదూ?” అంటుంది.

సభ అయిన మరుసటి సోమవారమే హైమ బడికి వచ్చింది. వాళ్లమ్మ గేటు దాకా వచ్చి, గొళ్లెం తన కళ్లతో చూసి, ముందుకీ వెనక్కీ రెండుసార్లు జరిపి చూసి, అప్పుడు ఇంటికి వెళ్లింది. అన్నాల బెల్లు అయ్యాక హైమ వరండాలో కుండ దగ్గరికి వెళ్లి గ్లాసు ముంచుకుంది. నిండా తాగింది. ఇంకో గ్లాసు ముంచుకుని అదీ తాగింది. కాసేపాగి, ఎవరినీ అడగకుండా, ఎవరికీ చెప్పకుండా, ఆ గదిలోకి వెళ్లి గొళ్లెం పెట్టుకుంది.

అది ఎవరికీ ఏమీ చెప్పలేదు.